అందరూ తాగుతున్నారా? కొత్తగా చేరిన విద్యార్థులతో ఒక మాట

(కొత్త విద్యార్థుల పరిచయ కార్యక్రమంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారు చదువుకోవడానికి వీలుగా రికార్డింగ్ నుంచి రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో కొత్తగా చేరిన పిల్లలున్నారు. వెనక వరసల్లో అధ్యాపకులు, హాస్టల్ వార్డెన్లు కూర్చున్నారు. అక్కడక్కడా తల్లిదండ్రులు కూడా కనిపిస్తున్నారు. నేను మాట్లాడేది ముఖ్యంగా ముందు వరసలవాళ్లతో. చివర్లో కాసేపు వెనక వరసలవాళ్లతో మాట్లాడతాను. అప్పుడు పిల్లలు కూడా వినండి, అది మీ గురించే.

అడ్మిషన్ అయిన దగ్గర్నుంచీ మీకు మెయిళ్ల మీద మెయిళ్లు వస్తున్నాయి. ఫీజు గురించి, గది గురించి, ఐడీ కార్డు గురించి. వాటి మధ్యలో ఇంకోటి వచ్చింది. మద్యం గురించి ఒక ఆన్‌లైన్ కోర్సు ఉంది, క్లాసులు మొదలయ్యేలోగా పూర్తి చేయండి అని. చూశారా? తెరిచినవాళ్లు చేతులెత్తండి. సరే, బాగానే ఉన్నారు. మరి తెరిచినవాళ్లలో వీడియోని ఒక ట్యాబ్‌లో దాని మానాన దాన్ని నడవనిచ్చి, ఇంకో ట్యాబ్‌లో వేరే పని చూసుకున్నవాళ్లు ఎంతమంది? దీనికి చేతులెత్తక్కర్లేదు.

మిమ్మల్ని మందలించడానికి రాలేదమ్మా నేను. ఆ కోర్సులో మీకు నిజంగా పనికొచ్చే భాగం ఏది, అది ఎందుకు పనికొస్తుంది, ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది, ఇవన్నీ దాచకుండా చెబుదామని వచ్చాను. విద్యార్థులతో కూర్చుని మాట్లాడటమే నా పని. చాలా ఏళ్లుగా అదే చేస్తున్నాను. తాగి గొడవ చేసినవాళ్లతో మాట్లాడాను, తాగినవాళ్లని రాత్రంతా కనిపెట్టుకుని కూర్చున్నవాళ్లతోనూ మాట్లాడాను. అందరి దగ్గరా ఒకే మాట విన్నాను: "ఇక్కడ అందరూ తాగుతారండీ." ఇవాళ నేను గట్టిగా పట్టుకోబోయేది ఆ ఒక్క మాటనే.

దానికన్నా ముందు, ఈ కోర్సు ఎక్కడ పుట్టిందో రెండు ముక్కల్లో చెబుతాను. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆలన్ మార్లాట్ అనే సైకాలజిస్టు, ఆయన బృందం కలిసి 1990ల్లో ఒక పద్ధతి తయారుచేశారు. దాని పేరు బేసిక్స్. ఒక కౌన్సెలర్, ఒక విద్యార్థి, ఎదురెదురుగా రెండుసార్లు కూర్చోవడం, ఒక్కోసారి సుమారు యాభై నిమిషాలు. మొదటిసారి అడుగుతారు: ఎప్పుడు తాగుతావు, ఎంత తాగుతావు, ఎవరితో, ఆ తర్వాత ఏమవుతోంది? రెండోసారి ఆ జవాబులే కాగితం మీద పెట్టి చూపిస్తారు. ఇదిగో నువ్వు చెప్పినది, ఇదిగో నీ తోటివాళ్లు నిజంగా చేస్తున్నది, ఇదిగో నీ రక్తంలో ఆ రాత్రి చేరి ఉండే మద్యం. అంతే. తిట్టరు, భయపెట్టరు, ఒట్టు వేయించుకోరు. ఈ పద్ధతి పనిచేసింది. కానీ ఏటా వేలమంది చేరే చోట అందరితో అలా కూర్చోవడానికి కౌన్సెలర్లు ఎక్కణ్ణుంచి వస్తారు? అందుకే అదే పనిని కంప్యూటర్‌కి అప్పగించారు. శాన్ డియేగో స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఈ-చగ్ అలాంటిది. పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. ఆల్కహాల్ ఎడ్యు అనేది దానికన్నా పెద్దది. కొంత భాగం కాలేజీకి రాకముందు చేయాలి, మిగతాది వచ్చిన కొన్ని వారాల తర్వాత.

ఇలాంటి కోర్సులన్నిటిలోనూ రెండు రకాల సరుకు కలిసి ఉంటుంది. ఒకటి పాఠం. కాలేయం ఇలా పనిచేస్తుంది, మెదడుకి ఇలా జరుగుతుంది అని. రెండోది అద్దం. మిమ్మల్ని ప్రశ్నలడిగి, మీ జవాబుల్నే మీకు చూపించే భాగం. పాఠం ఒక్కటే చెబితే తాగడం తగ్గదు. ఇది నా అభిప్రాయం కాదు. అమెరికాలో మద్యం మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ 2015లో కాలేజీల కోసం ఒక మార్గదర్శిని విడుదల చేసింది. ఏ పద్ధతి ఎంత పనిచేస్తుందో అందులో పట్టిక వేశారు. ఉత్త సమాచారం ఇచ్చి ఊరుకునే పద్ధతిని పనిచేయనివాటిలో పెట్టారు. సిగరెట్ పెట్టె మీద ఏం రాసుందో తెలియక ఎవరైనా సిగరెట్ కాలుస్తున్నారా? తెలిసే కాలుస్తున్నారు. ఇదీ అంతే.

కాబట్టి మీరు తొందరలో ఉంటే, పాఠాల దగ్గర తొందరపడండి, పర్వాలేదు. అద్దం దగ్గర మాత్రం ఆగండి.

ఆ అద్దం ఎలా ఉంటుందో చెబుతాను. స్క్రీన్ మీద ఒక ప్రశ్న వస్తుంది: "మామూలుగా ఒక వారంలో మీరు ఎన్ని డ్రింకులు తీసుకుంటారు?" మీరు అంకె వేస్తారు. సున్నా అయితే సున్నా. తర్వాత ఇంకో ప్రశ్న: "మీ వయసు విద్యార్థి, ఇదే కాలేజీలో, మామూలుగా ఒక వారంలో ఎన్ని తీసుకుంటాడని మీ ఊహ?" అదీ వేస్తారు. తర్వాతి పేజీలో మూడు గీతలు పక్కపక్కనే నిలబడతాయి. మొదటిది మీది. రెండోది మీరు ఊహించినది. మూడోది, విద్యార్థులు నిజంగా చెప్పుకున్నది. మామూలుగా ఏది పొడుగ్గా ఉంటుందో చెప్పండి? ఆ, రెండోది. ఊహించినది.

1986లో వెస్లీ పెర్కిన్స్, ఆలన్ బెర్కోవిట్జ్ అనే ఇద్దరు న్యూయార్క్ రాష్ట్రంలో ఒక చిన్న కాలేజీ విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో బయటపడింది ఇదే. మద్యం విషయంలో నీ అభిప్రాయం ఏమిటి అని అడిగారు, మిగతావాళ్ల అభిప్రాయం ఏమని నువ్వనుకుంటున్నావు అని కూడా అడిగారు. ఎక్కువమంది సొంత అభిప్రాయం మితంగానే ఉంది. మిగతావాళ్లు మాత్రం తనకన్నా చాలా వదులుగా ఉంటారని ఎవరికివాళ్లు అనుకుంటున్నారు. ఆలోచించండి. ఒక గదిలో పదిమంది కూర్చుని, నాకైతే ఇంత అక్కర్లేదు గానీ వీళ్లందరికీ కావాలి కదా అని పదిమందీ లోలోపల అనుకుంటూ ఉంటే ఏం జరుగుతుంది? ఎవరికీ అక్కర్లేని సీసా ఒకటి తెరుచుకుంటుంది. ఆ తర్వాత అనేక కాలేజీల్లో మళ్లీ మళ్లీ చూశారు. ఇదే కనిపించింది.

ఎందుకిలా పొరబడతాం? తాగినవాడు కనిపిస్తాడు కాబట్టి. అర్ధరాత్రి వరండాలో పాటలు పాడేవాడు అంతస్తు మొత్తానికీ వినిపిస్తాడు. అదే అంతస్తులో తలుపు వేసుకుని నిద్రపోయినవాళ్లు ఎవరికీ వినిపించరు. మర్నాడు మెస్సులో దేని గురించి మాట్లాడుకుంటారు? పాట గురించే కదా. నిన్న ఫలానావాడు పదింటికే పడుకున్నాడట అని ఎవరైనా కథలుగా చెప్పుకుంటారా?

దీనికి ఇప్పుడు ఫోను తోడైంది. మీ చేతిలో ఉన్న ఫోనులో, ఈ వారంలో సీనియర్లు పెట్టిన ఫొటోలు చూడండి. గ్లాసులు, నవ్వులు, లైట్లు. లైబ్రరీలో కూర్చున్న ఫొటోలెన్ని? గదిలో ఒంటరిగా అమ్మతో ఫోనులో మాట్లాడుకున్న ఫొటోలెన్ని? లేవు. కొత్తగా చేరిన విద్యార్థుల మీద అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 2016లో అచ్చయింది. మొదటి ఆరు వారాల్లో తోటివాళ్లు పెట్టిన తాగుడు ఫొటోలు, పోస్టులు ఎవరికి ఎక్కువ కంటబడ్డాయో, వాళ్లు ఆరు నెలల తర్వాత ఎక్కువ తాగుతున్నారని అందులో తేలింది. తెరమీద చూసినదాన్ని లోకమంతా ఇంతే కాబోలు అని మనసు లెక్కగట్టుకుంటుంది. కోర్సు చేసే పని ఆ లెక్కని సరిచేయడం. ఆన్‌లైన్‌లో చేరిన అబద్ధానికి ఆన్‌లైన్‌లోనే ఒక జవాబు అన్నమాట.

ఇక్కడే నేనో విషయం బల్లగుద్ది చెప్పాలి. అద్దం ముందు మీరు అబద్ధం రాస్తే అది మీకు అబద్ధమే చూపిస్తుంది. తక్కువ రాస్తే, పర్లేదు బాగానే ఉన్నావు అంటుంది. సరదాకి ఎక్కువ రాస్తే ఎవరికో చెప్పాల్సిన హెచ్చరికలు మీకు చెబుతుంది. ఎవరో చదువుతారని భయమా? ఆ సంగతి వెనక వరసలవాళ్లతో మాట్లాడేటప్పుడు తేలుస్తాను, మీ ముందే.

సరే, అసలు ప్రశ్న. ఇదంతా పనిచేస్తుందా?

కొంత పనిచేస్తుంది. కొంతే. 2011లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఉంది. అమెరికాలో 30 కాలేజీల్ని తీసుకుని, చీటీ వేసినట్టు కొన్నిటికి ఆల్కహాల్ ఎడ్యు ఇచ్చారు, కొన్నిటికి ఇవ్వలేదు. కోర్సు చేసిన కాలేజీల్లో మొదటి సెమిస్టర్‌లో తాగడం తగ్గింది, ఒకేసారి విపరీతంగా తాగడమూ తగ్గింది. రెండో సెమిస్టర్ వచ్చేసరికి ఆ తేడా నిలవలేదు. న్యూజిలాండ్‌లో ఏడు విశ్వవిద్యాలయాల్లో ఇంకో పరీక్ష చేశారు, దాని ఫలితాలు 2014లో వచ్చాయి. ఎక్కువ తాగుతున్న విద్యార్థులకి చిన్న ఆన్‌లైన్ పరీక్ష పెట్టి, వాళ్ల జవాబులే వాళ్లకి చూపించారు. అయిదు నెలల తర్వాత చూస్తే కూర్చున్నప్పుడల్లా తాగే పరిమాణం కాస్త తగ్గింది. ఎన్నిసార్లు కూర్చుంటున్నారన్నది తగ్గలేదు. మొత్తం మీద తాగేదీ తగ్గలేదు. ఇలాంటి అధ్యయనాలెన్నిటినో కలిపి 2015లో కాక్రేన్ సంస్థవాళ్లు సమీక్ష చేశారు. తోటివాళ్ల అసలు లెక్క చూపించే పద్ధతి వల్ల కలిగే లాభం పెద్దగా లెక్కలోకి తీసుకోదగినంత లేదని వాళ్లు తేల్చారు.

మరి ఇంత తెలిసి మమ్మల్ని ఎందుకు చేయమంటున్నారు అంటారా? న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఇది. లాభం చిన్నదే. అయితే అది ఎప్పుడు దొరుకుతోందో గమనించండి. మొదటి సెమిస్టర్‌లో. ప్రమాదం ఎప్పుడు ఎక్కువో తెలుసా? మొదటి సెమిస్టర్‌లోనే, అందులోనూ మొదటి ఆరు వారాల్లో. ఇంటినుంచి కొత్తగా వచ్చి ఉంటారు. ఎవరూ తెలియదు. ఎవరో ఒకరు పిలిస్తే చాలు, వెళ్లిపోవాలనిపిస్తుంది. ఒంటికి అలవాటు లేదు, ఎంత తీసుకుంటే ఏమవుతుందో తెలియదు, పడిపోతే పట్టుకునే స్నేహితుడు ఇంకా ఏర్పడలేదు. ఆ ఆరు వారాల్లో మీ చేయి ఒక్కసారి ఆగినా, ఒక్క గ్లాసు తగ్గినా అది నాకు చిన్న లాభం కాదు. 2011 అధ్యయనంలో ఇంకో సంగతి కూడా ఉంది. ఏ కాలేజీల్లో ఎక్కువమంది కోర్సు పూర్తిచేశారో అక్కడ ఫలితం కూడా ఎక్కువ కనిపించింది. అంటే మీ పక్క గదివాడు చేశాడా లేదా అన్నది కూడా మీకు ముఖ్యమే.

ఇప్పుడు కాస్త లెక్కలు చేద్దాం. ఫోనులో కాలిక్యులేటర్ తీయండి. ఫొటోలు ఆపేయండి, కాలిక్యులేటర్ తీయండి.

కోర్సు మిమ్మల్ని "ఎన్ని డ్రింకులు" అని అడుగుతుంది. మీరు "రెండు" అంటారు. రెండు ఏమిటి? రెండు గ్లాసులా, రెండు క్యాన్లా, మీ సీనియర్ చేత్తో పోసిన రెండు పెగ్గులా? తాగే అలవాటుని కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ప్రశ్నావళి లెక్కలో ఒక డ్రింకు అంటే 10 గ్రాముల అసలు మద్యం. అమెరికాలో 14 గ్రాములు. బ్రిటన్‌లో ఒక యూనిట్ అంటే 8 గ్రాములు. గ్రాముల్లోకి మార్చడం తేలిక. ఎన్ని మిల్లీలీటర్లో వేసుకోండి, సీసా మీద ఉన్న శాతంతో గుణించండి, వచ్చినదాన్ని 0.79తో గుణించండి. 500 మిల్లీలీటర్ల క్యాను, 8 శాతం స్ట్రాంగ్ బీరు. 500లో 8 శాతం 40. దాన్ని 0.79తో గుణిస్తే? దాదాపు 32 గ్రాములు. అంటే ఒక్క క్యాను మూడు డ్రింకుల పైమాటే. 40 శాతం ఉన్న సరుకు 60 మిల్లీలీటర్లు పోస్తే? 19 గ్రాములు. దాదాపు రెండు డ్రింకులు, ఒకే గ్లాసులో. "నేను రెండు క్యాన్లే తాగాను సార్" అన్నవాడు అబద్ధం చెప్పలేదు. వాడు తాగింది ఆరు డ్రింకులు, అంతే తేడా.

ఇంకో లెక్క. కాలేయం తన వేగంతోనే పనిచేస్తుంది. మీరు నిమ్మరసం తాగినా, కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా దానికి సంబంధం లేదు. రక్తంలో ఉన్న మద్యం శాతం సగటున గంటకి 0.015 చొప్పున దిగుతుంది. మనిషిని బట్టి కాస్త అటూ ఇటూ. ఒకడు రాత్రి రెండింటికి 0.15 శాతంతో పడుకున్నాడు. ఉదయం ఎనిమిదింటికి క్లాసు. మధ్యలో ఆరు గంటలు. ఆరుసార్లు 0.015 అంటే 0.09. 0.15లోంచి తీసేస్తే? 0.06. చాలా దేశాల్లో బండి నడపడానికి పరిమితి 0.05, కొన్నిచోట్ల ఇంకా తక్కువ. అంటే స్నానం చేసి, తలదువ్వుకుని, రాత్రి అయిపోయింది అనుకుంటూ బండి తాళం తీసిన మనిషి ఇంకా మత్తులోనే ఉన్నాడు. అతని రాత్రి మధ్యాహ్నం పన్నెండింటికి గానీ పూర్తికాదు. ఈ లెక్క విన్నాక నా ఎదురుగా కూర్చున్న పిల్లల ముఖాల్లో వచ్చే మార్పు ఏ కాలేయం బొమ్మ చూపించినా రాలేదు.

అమ్మాయిలకి ఒక మాట. ఒకే బరువున్న అబ్బాయి, అమ్మాయి ఒకే కొలత తాగినా అమ్మాయి రక్తంలో సాధారణంగా ఎక్కువ శాతం తేలుతుంది. శరీరంలో నీటి పాలు తక్కువ కావడం ముఖ్య కారణం. ఇది ధైర్యానికి, బలహీనతకి సంబంధించిన సంగతి కాదు. వాళ్లతో సమానంగా తాగి చూపించు అని ఎవరైనా పందెం కడితే, ఆ పందెం మొదలే సమానంగా లేదని తెలుసుకోండి.

తాగితేనే నలుగురితో కలవగలను, మాట్లాడగలను అని నాతో చాలామంది చెబుతారు. ఇంతకుముందు చెప్పిన మార్లాట్ 1973లో తన సహచరులతో కలిసి అచ్చువేసిన ప్రయోగం ఒకటి వినండి. కొందరికి వోడ్కా కలిపిన టానిక్ ఇచ్చారు, కొందరికి ఉత్త టానిక్. రెంటిలోనూ కొందరికి "ఇందులో మద్యం ఉంది" అన్నారు, కొందరికి "లేదు" అన్నారు. వాళ్లలో తాగుడుకి పూర్తిగా బానిసలైనవాళ్లు కూడా ఉన్నారు. ఎవరు ఎక్కువ తాగారు? గ్లాసులో మద్యం ఉన్నవాళ్లు కాదు. ఉందని నమ్మినవాళ్లు. ఆ తర్వాత ఆయన ల్యాబులోనే బార్‌లాంటి గది కట్టించి, విద్యార్థులతో ఇలాంటివి చేయించారు. మద్యం అనుకుని ఉత్త పానీయం తాగినవాళ్లు కూడా హుషారెక్కి, గలగలా మాట్లాడేవారు. ఆ హుషారు ఎక్కడిది? వాళ్లలోదే. గ్లాసు పేరు చెప్పుకుని బయటికొచ్చింది. నలుగురిలో కలవడానికి జంకే పిల్లలారా, మీకే చెబుతున్నాను. ఆ మాటలు మీ దగ్గర ముందే ఉన్నాయి.

ఇక కోర్సులో ఎవరూ దాటేయకూడని భాగం. తాగనివాళ్లు మరీ దాటేయకూడదు. పడిపోయిన మనిషి.

రాత్రి ఒంటిగంట. గదిలో ఒకడు మంచం మీద వెల్లకిలా పడున్నాడు. గురక పెడుతున్నాడు. "పడుకోనివ్వరా, పొద్దున్నకి దిగిపోతుంది" అంటాడు ఇంకొకడు. లైటు తీసేసి వెళ్లిపోతారు. మనుషులు ప్రాణాలు పోగొట్టుకునేది ఈ వాక్యం దగ్గరే. చివరి గ్లాసు కింద పెట్టాక కూడా పొట్టలో ఉన్నది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. ఒంటిగంటకి గురకపెట్టిన మనిషి రెండింటికి ఇంకా లోతు మత్తులోకి వెళ్లొచ్చు. మత్తు ముదిరితే గొంతుకి అడ్డం పడినదాన్ని బయటికి నెట్టే శక్తి పోతుంది. వెల్లకిలా ఉండగా వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.

ఏం చేయాలి? దగ్గరకెళ్లి పేరు పెట్టి గట్టిగా పిలవండి. భుజం కుదపండి. గిల్లండి. కళ్లు తెరిచి జవాబు చెబుతున్నాడా? చెప్పకపోతే అదే ప్రమాదం. ఛాతీ మీద చూపు పెట్టి, ఫోనులో గడియారం చూస్తూ ఒక నిమిషం ఊపిరి కూడా లెక్కపెట్టండి. నిమిషానికి ఎనిమిది కన్నా తక్కువైనా, ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య పది సెకన్లు గడిచినా ప్రమాదం. పెదాలు, గోళ్లు నీలంగా ఉన్నా, ఒళ్లు చల్లబడినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ లేకుండానే వాంతి అయినా ప్రమాదమే. ఇవన్నీ కలిసి రావాలని చూడకండి. ఒక్కటి చాలు, అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. చేశాక అతన్ని పక్కకి తిప్పండి. పైనున్న మోకాలు మడిచి ముందుకు పెట్టండి, ముందుకి దొర్లిపోకుండా. పై చేతిని చెంప కింద పెట్టండి. తల కాస్త వెనక్కి వంచి, నోరు నేలవైపు ఉండేలా చూడండి. చన్నీళ్లు పోయకండి, ఒళ్లు ఇంకా చల్లబడుతుంది. కాఫీ పట్టకండి, నడిపించకండి, గొంతులో వేలు పెట్టి వాంతి చేయించకండి. ఏం తాగాడో, సుమారు ఎంతో, దాంతోపాటు నిద్రమాత్రల్లాంటివి ఏమైనా వేసుకున్నాడో తెలిస్తే వచ్చినవాళ్లకి చెప్పండి. వాళ్లు వచ్చేదాకా అక్కణ్ణుంచి కదలకండి. ఆ నిమిషానికి ఆ గదిలో అతనికి మీకన్నా కావాల్సినవాళ్లు ఎవరూ లేరు.

మర్నాడు అతను "నేను మాట్లాడానంటారు, నడిచానంటారు గానీ నాకేమీ గుర్తులేదు" అంటాడు. అది నటన కాదు. మత్తు ఒక స్థాయి దాటితే మెదడు కొత్త జ్ఞాపకాలు రాసుకోవడం మానేస్తుంది. మనిషి నడుస్తూనే, మాట్లాడుతూనే ఉండొచ్చు. అలాంటి స్థితిలో ఉన్న మనిషి దేనికైనా ఊఁ అన్నా అది అంగీకారం కాదు. ఈ ఒక్క వాక్యం అబ్బాయిలూ అమ్మాయిలూ అందరూ రాసుకోండి.

ఇప్పుడు వెనక వరసలవాళ్లతో.

అయ్యా, అమ్మా. ఇందాక పిల్లలు ఎందుకు నిజం రాయరో చెబుతానన్నాను. మీకు తెలుస్తుందేమో అన్న భయంతో రాయరు. ఎవరు ఏం రాశారో మీలో ఎవరికీ కనిపించకూడదు. కాలేజీకి చేరాల్సింది రెండే. ఎవరు పూర్తి చేశారు అన్నది ఒకటి, పేర్లు లేకుండా మొత్తం లెక్క ఎంత అన్నది రెండోది. ఈ మాట మీరు కోర్సు మొదటి పేజీలో రాయించండి, రాయించిన మాట మీద నిలబడండి. ఒక్క విద్యార్థి జవాబు ఒక్కసారి వార్డెన్ చేతికి చిక్కిందని తెలిసినా ఆ కాలేజీలో ఆ కోర్సు చచ్చిపోయినట్టే.

రెండోది శిక్ష సంగతి. ఇందాక నేను చెప్పిన గదిలో ఫోను చేతిలో పట్టుకుని ఉన్న కుర్రాడు ఏం ఆలోచిస్తాడో తెలుసా? ఫోన్ చేస్తే నన్ను కూడా సస్పెండ్ చేస్తారా అని. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం 2002లో ఒక నియమం తెచ్చింది. తాగి ప్రమాదంలో పడ్డవాళ్ల కోసం సాయం అడిగినవాళ్లమీద, ఆ సాయం పొందినవాళ్లమీద క్రమశిక్షణ చర్య ఉండదు, కౌన్సెలింగ్ ఉంటుంది అని. తర్వాతి రెండేళ్లలో సాయం కోరే ఫోన్లు పెరిగాయి. మన దగ్గర ఈ నియమం ఉందా లేదా అన్నది ఇవాళే పిల్లలకి తెలియాలి. ఉంటే మైకులో చెప్పండి. లేకపోతే రాయండి. కోర్సుకన్నా ముందు రాయాల్సింది అది.

మూడోది. కోర్సు ప్రభావం రెండో సెమిస్టర్‌కి కరిగిపోతుందని చెప్పాను. అందరూ పూర్తి చేశారు అని రిజిస్టర్‌లో టిక్కు పెట్టి ఏడాది పాటు ఆ ఊసెత్తకపోతే, మనం చేసింది కాగితం పని. ఆరు వారాలకి ఒకసారి, సెలవుల తర్వాత ఒకసారి, ఒక మనిషి మళ్లీ మాట్లాడాలి. అద్దంలో అంకె ఎక్కువ కనిపించిన విద్యార్థి ఎవరి తలుపు తట్టాలో ఆ పేజీలోనే ఉండాలి, ఆ తలుపు వెనక నిజంగా ఒక మనిషి ఉండాలి. శనివారం సాయంత్రాలు లైబ్రరీ, ఆటల మైదానం మూసేసి, పిల్లలు వేరే చోటికి పోతున్నారేమిటి అంటే ఎలా? తల్లిదండ్రులూ, మీరు కూడా. ఇల్లు వదలకముందు అమ్మానాన్నలు కూర్చోబెట్టి మద్యం గురించి నెమ్మదిగా మాట్లాడిన పిల్లలు కాలేజీలో తక్కువ తాగుతున్నారని అధ్యయనాలున్నాయి. ఉపన్యాసం ఇవ్వకండి. అడగండి, వినండి. ఇవాళ రాత్రి తిరుగు ప్రయాణానికి ముందు కాస్త సమయం ఉంది.

కొన్ని చీటీలు వచ్చాయి. పేర్లు లేవు, మంచిది. రెండు చదువుతాను.

"మొదటి పార్టీలో వద్దంటే నన్ను మళ్లీ పిలవరేమో." పిలవరేమోనన్న భయం నిజమైనదే, దాన్ని తీసిపారేయను. చేయగలిగింది ఏమిటంటే, వెళ్లకముందే నిర్ణయించుకోవడం. అసలు వద్దా, లేక ఒక్కటా అన్నది గుమ్మం దగ్గర కాదు, గదిలోనే తేల్చుకోండి. చేతిలో ఏదో ఒక గ్లాసు ఉంచుకోండి, నీళ్లే కావచ్చు. చేతిలో గ్లాసు ఉన్నవాణ్ణి ఎవరూ బలవంతం చేయరు. వివరణలు ఇవ్వకండి. "ఇవాళ వద్దు" చాలు. కారణాలు చెప్పేకొద్దీ అవతలివాళ్లు ఒక్కో కారణాన్నీ కొట్టేస్తారు. తాగేవాళ్లయితే ఖాళీ కడుపుతో మొదలుపెట్టకండి, పోటీ ఆటల్లోకి దిగకండి, మీ గ్లాసు మీరే పోసుకోండి, మధ్యమధ్య నీళ్లు తాగండి. ఎవరితో వెళ్లారో వాళ్లతోనే వెనక్కి రండి. చట్టం మీ వయసుకి ఏమంటుందో కూడా ముందే తెలుసుకోండి.

రెండో చీటీ. "నేను అసలు తాగను. నాకెందుకు ఈ కోర్సు?" ఈ చీటీ రాసినవాళ్లు ఎవరో గానీ, మొదటి పేజీలో సున్నా వేయండి, గర్వంగా వేయండి. మూడో గీత చూడండి. మీలాంటివాళ్లు మీరనుకున్నదానికన్నా ఎక్కువమందే ఉండొచ్చు. తర్వాత పడిపోయిన మనిషి భాగం రెండుసార్లు చదవండి. ఎందుకంటే ఒంటిగంటకి ఆ గదిలో ఊపిరి లెక్కపెట్టగలిగే స్థితిలో ఉండేది మీరే. అత్యవసర నంబరు, హాస్టల్ డ్యూటీ నంబరు రెండూ ఇప్పుడే ఫోనులో వేసుకోండి. ఆ గోడమీద రాసి ఉన్నాయి, వెనక్కి తిరిగి చూడండి. వేసుకున్నారా? కోర్సు లింకు ఈ రాత్రి మళ్లీ పంపిస్తారు. రెండో భాగం ఆరు వారాల తర్వాత తెరుచుకుంటుంది. ఇంకా చీటీలుంటే ఇటు పంపండి, ఒక్కోటీ చదువుతాను.